పైపు ఎవరి దొడ్లో పగిలింది అని కాదు, అందులో ఎవరి నీళ్లు పోతున్నాయి అని అడగండి

మినుములో పల్లాకు తెగులు గురించి రాయమని అడిగిన మిత్రులు ఒక్కరోజు ఆగండి. ఇవాళ మురుగు పైపు గురించి రాస్తున్నా. అన్నం ముందు కూర్చున్నవాళ్లు తిన్నాక చదవండి. కానీ చదవండి. ఎందుకంటే తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు వైపులా నాకు తెలిసినంతలో పొలం గట్టు దగ్గర మాటలు మానేసిన అన్నదమ్ముల కంటే ఈ నాలుగంగుళాల పైపు దగ్గర మానేసినవాళ్లే ఎక్కువ కనపడుతున్నారు. అందులో నేనూ ఒకణ్ణి. మా బాబాయితో 40 రోజులు మాట్లాడలా. తప్పు నాదే. అదీ రాస్తా.

సంగతేంటంటే, తెనాలిలో మా తాత కట్టిన ఇల్లు ఒకటుంది. వీధి వైపు వాటా బాబాయిది. వెనక వాటా మా నాన్నది, ఇప్పుడు నాది. మధ్య వాటా మేనత్తది, ఆవిడ అమ్ముకుంటే బయటాయన ఒకాయన కొనుక్కున్నాడు. పంపకాల దస్తావేజులో గోడలు, కిటికీలు, బావి, నడిచే సందు, కొబ్బరి చెట్లు అన్నీ రాశారు. కొబ్బరి చెట్టు ఎవరిదో రాసిన పెద్దమనుషులు మురుగు పైపు గురించి ఒక్క ముక్క రాయలా. ఆ పైపు నా వాటాలో మొదలై, మధ్య వాటా నేల కిందగా పోయి, బాబాయి వాటాలో ఉన్న సెప్టిక్ ట్యాంకులో పడుద్ది. ట్యాంకు పొర్లు నీళ్లు వీధి కాలవలోకి. ముగ్గురికీ అదే దారి, వేరే దారి లేదు.

ఈ ఎండాకాలం అది బాబాయి వంటింటి వెనక పగిలింది.

మొదట వాసన వచ్చింది. తర్వాత గచ్చు కుంగింది. ప్లంబరు వచ్చి నాలుగు బండలు లేపి చూస్తే, పాతకాలం మట్టి గొట్టం జాయింటు దగ్గర విడిపోయి నీళ్లన్నీ పునాదిలోకి దిగుతున్నాయి. మధ్య వాటా ఆయన్ని పిలిస్తే, "మా కాయితాల్లో పైపు లేదండి. పగిలింది మీ స్థలంలో. మీ స్థలంలో పనికి మేం ఎందుకివ్వాలి" అన్నాడు. నన్ను అడిగితే నేనన్న మాట ఇది, దాచుకోకుండా రాస్తున్నా: "పగిలింది నీ వైపు గదా బాబాయ్, ముందు చేయించు, తర్వాత చూద్దాం."

'తర్వాత చూద్దాం' అంటే 'ఇవ్వను' అని మన ఊళ్లలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

బాబాయి అరవలేదు. ఆ రోజు వెళ్లిపోయాడు. ఫోన్లు మానేశాడు. పిన్ని వంట ముందు అరుగు మీదకి మార్చింది. నేను తెనాలి వెళ్లినప్పుడు వెనక సందులోంచి పోయి వెనక సందులోంచి వచ్చేవాణ్ణి. నా దొడ్డి మాత్రం రోజూ ఎప్పటిలాగే వాడుకున్నా, పైన అద్దెకున్న రెండు కుటుంబాలు కూడా వాడుకున్నాయి. ఇది గమనించండి. పైపు పగిలి 40 రోజులైనా పై ఇంటోడికి ఏ ఇబ్బందీ లేదు. నీళ్లు పోస్తే పోతున్నాయి. ఎక్కడికి పోతున్నాయో వాడికి అక్కర్లేదు. ఈ గొడవ ఎప్పటికీ తెగకపోవడానికి అసలు కారణం ఇదే: వాడుకునేది పైవాడు, కంపు భరించేది కిందివాడు.

ఒకరోజు చేల మీద కనపడ్డాడు బాబాయి. నేను పార పట్టుకుని కింద చేనాయన పొలంలో మురుగు బోదె తీస్తున్నా. వాన పడితే నా చేలో నీళ్లు ఆయన చేలో బోదె గుండానే డ్రెయిన్‌కి పోవాలి. బాబాయి గట్టు మీద నిలబడి అన్నాడు:

"ఏరా, అది ఆయన పొలం గదా. పూడింది ఆయన పొలంలో గదా. ఆయన్ని తీయించుకోమను, తర్వాత చూద్దాం అను."

అంతే అని వెళ్లిపోయాడు. నాకు పార కదల్లేదు.

మిత్రులారా, డెల్టాలో వరి పండించే ప్రతివాడికీ ఈ న్యాయం తెలుసు. బోదె ఎవరి గట్టు పక్క పూడింది అని ఎవరం అడగం. ఎవరి నీళ్లు ఆగిపోయాయో వాడు పార పట్టుకుని దిగుతాడు. బోదె మీద ముగ్గురి చేలు ఆధారపడితే ముగ్గురం దిగుతాం. పూడింది నా చేనుకి పైన అయితే నేను దిగక్కర్లేదు, నా నీళ్లు అక్కడ పోవు గదా. కింద చేనాయన చెయ్యాల్సింది ఒక్కటే, అడ్డం పడకుండా ఉండటం. బోదె పూడ్చి దాన్ని కూడా దున్నుకుంటే అప్పుడు ఆయన్ని ఊళ్లో నిలదీస్తాం. తీసిన మట్టి ఆయన చేలో ఇష్టం వచ్చినట్టు పోస్తే ఆయన మమ్మల్ని నిలదీస్తాడు. వందల ఎకరాలకి పనికొచ్చిన ఈ న్యాయం 40 అడుగుల పైపుకి ఎందుకు పనికిరాకుండా పోయింది? పొలం నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పినట్టు బుర్ర కూడా బయట విప్పి వస్తున్నామా?

"పల్లెటూరి న్యాయం చట్టం ముందు చెల్లదు" అనేవాళ్ల కోసం చట్టం కూడా చూశా. ఒక వకీలు మిత్రుడు దగ్గర కూర్చుని చూపించాడు. ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్, 1882. మొదట అమలైన ప్రాంతాల్లో మన మద్రాసు ప్రెసిడెన్సీ ఉంది, అంటే గుంటూరు జిల్లా నేలకి ఇది మొదటి రోజు నుంచీ ఉన్న చట్టం. దాంట్లో 24, 25, 26, 27 సెక్షన్లు వరసగా చదవండి. మా బాబాయి గట్టు మీద నిలబడి చెప్పినట్టే ఉంటాయి.

24: నీ పైపు వేరేవాళ్ల స్థలంలో పోతుంటే, దాన్ని బాగుచేసుకోవడానికి నువ్వు ఆ స్థలంలోకి పోయి తవ్వొచ్చు. తవ్వి, పని అయ్యాక నేలని ఎప్పటిలా చేసివ్వాలి. చట్టంలో ఇచ్చిన ఉదాహరణల్లోనే పైపు ఉంది, మురుగు కాలవ ఉంది. 25: ఆ మరమ్మతు ఖర్చు ఆ హక్కు వాడుకునేవాడిది. స్థలం గలాయనది కాదు. 26: బాగుచెయ్యకుండా వదిలేస్తే, దానివల్ల ఆ స్థలానికి జరిగిన నష్టం కూడా వాడుకునేవాడే కట్టాలి. ఇది చదివినప్పుడు నాకు బాబాయి వంటింటి గచ్చు గుర్తొచ్చింది. పైపు ఖర్చులో వాటా ఇవ్వడానికే నీలిగినవాణ్ణి, గచ్చు ఖర్చు కూడా నా నెత్తిన ఉందని అప్పుడు తెలిసింది. 27: స్థలం గలాయన నీకోసం ఏ పనీ చెయ్యక్కర్లేదు, కానీ నీ దారికి అడ్డం రాకూడదు.

మరి "మా కాయితాల్లో లేదు" అన్న మధ్య వాటా ఆయన సంగతి? ఒకే ఇంటిని పంచుకున్నప్పుడు, ఏ వాటా అనుభవించడానికి ఏది తప్పనిసరో ఆ దారి హక్కు దాంతోపాటే వస్తుందని 13వ సెక్షన్. ఆ వాటా అమ్మితే హక్కు కూడా కొన్నాయనకే పోతుందని 19. అయినా ఆయన దస్తావేజు తెప్పించి చూస్తే చివరి పేజీలో మన రైటర్లు అలవాటుగా రాసే ముక్క ఉండనే ఉంది, 'సకల ఈజుమెంటు హక్కులతో సహా' అని. ఆ ముక్క చదవకుండానే సంతకాలు పెడతాం మనం. హక్కు తీసుకున్నావు గదయ్యా, దాని తోక మరమ్మతు. తోక కోసి ఆవుని కొంటానంటే ఎట్టా?

ఇంకో వాదన ఉంది, ఇది బాగా పెద్దమనుషులు చేస్తారు: "ఎవరు పగలగొట్టారో తేలనివ్వండి, వాళ్లే పెట్టుకుంటారు." తేలదు నాయనా. మనది నల్లరేగడి. చేలో ఎండాకాలం నెర్రెలు విచ్చుకోవటం చూడట్లా? చెయ్యి దూరుద్ది ఆ నెర్రెల్లో. వానాకాలం అదే నేల ఉబ్బుతుంది. ఇంటి కింద ఉన్నదీ అదే నేల. ఏటా కిందకీ పైకీ ఆడే నేలలో, రెండడుగులకొక సిమెంటు జాయింటు ఉన్న మట్టి గొట్టం ముప్ఫై నలభై ఏళ్లు నిలబడటమే గొప్ప. జాయింటు సన్నగా విచ్చితే చాలు, తేమ కోసం వేపచెట్టు వేరో కొబ్బరి పీచు వేరో దూరుద్ది. లోపల బొద్దుగా పెరిగి పైపుని చీలుస్తుంది. దీనికి తోడు వాలు. నాలుగంగుళాల పైపుకి 40 అడుగుల పొడవుకి ఒక అడుగు వాలు ఉండాలంటారు మేస్త్రీలు. అరచేతిలా చదునుగా ఉండే డెల్టాలో వెనక ఇంటి నుంచి వీధి దాకా ఆ వాలు దొరకటం కష్టం. దొరక్క సగం వాలుతో వేస్తారు, అది ఏటా పూడుద్ది. వీటిలో దేనికి ఎవరి మీద కేసు పెడతావు?

నిజంగా ఒకడు పగలగొట్టినప్పుడు మాత్రం లెక్క వేరే, వాడే కట్టాలి. రేపల్లె అవతల ఒక ఊళ్లో మా చుట్టాల వీధిలో అదే జరిగింది. సైడు కాలవ తవ్వే జేసీబీ నాలుగిళ్ల ఉమ్మడి పైపుని పళ్లతో లేపేసి, మట్టి కప్పేసి పోయింది. రెండు నెలల తర్వాత నాలుగిళ్లలోనూ వెనక్కి తన్నింది. నాలుగిళ్లవాళ్లూ ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు, "మీ ఇంటి కోడలు గుడ్డపేలికలు వేసింది" దాకా వెళ్లింది. తవ్వి చూస్తే జేసీబీ పంటి గాట్లు! అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని ఊరు దాటాడు. మీ వీధిలో తవ్వకం మొదలైన రోజే మీ పైపు ఎక్కడుందో సున్నం గీత గీసి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. సున్నం పది రూపాయలు.

అట్లాగే ఉమ్మడి పైపు మీద పిల్లర్ లేపినవాడు, దాని మీద బోరు దింపినవాడు, కొబ్బరిమొక్క పాతినవాడు, వాళ్లు వాళ్లే పెట్టుకోవాలి. ఇంకో రకం ఉన్నారు. తాతల నాడు ఒక దొడ్డికి వేసిన పైపుకి, పైన రెండంతస్తులు లేపి ఐదు దొడ్లు కలిపినవాళ్లు. దారి హక్కు ఉంది గదా అని భారం పెంచుకుంటూ పోవటానికి లేదు, 23వ సెక్షన్ ఆ మాటే అంటుంది. ఈ రకంలో నేను కూడా ఉన్నా. అద్దె నాకు, మురుగు బాబాయికి.

కోపం వచ్చి పైపుకి సిమెంటు బస్తా కుక్కేవాళ్లూ ఉన్నారు. బాబాయి కుక్కలా, కుక్కితే నేనేం చేసేవాణ్ణో. అట్లా మూసేస్తే కోర్టుకి పోయి ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. కానీ గడ్డపలుగు తీసుకుని వాళ్ల స్థలంలోకి దూకి నువ్వే ఆ అడ్డం పగలగొట్టటానికి లేదు, 36వ సెక్షన్. గడ్డపలుగు పట్టుకున్నాక అది పైపు మీదే ఆగుద్దని ఎవరు చెప్పగలరు?

అపార్ట్‌మెంట్లవాళ్లు "మాకేం, మాది ఫ్లాటు" అనుకుంటున్నారేమో. బాపట్లలో మా స్నేహితుడి ఫ్లాటు మొదటి అంతస్తు. ఐదంతస్తుల మురుగూ దిగే నిలువు పైపు వాళ్ల బాత్రూం గోడ వెనక పగిలింది. పైవాళ్లంతా ఒకటే పాట, "నీ ఫ్లాట్లో గదా పగిలింది." ఆ నిలువు పైపు ఏ ఒక్క ఫ్లాటుదీ కాదు, అందరి ఉమ్మడి ఆస్తి. లిఫ్టు కింద అంతస్తులో ఆగిపోతే కింద అంతస్తువాడే బాగుచేయిస్తాడా? అసోసియేషన్ డబ్బుల్లోంచి చెయ్యాలి. ఫ్లాట్ల లోపల ఆ నిలువు పైపులో కలిసేదాకా ఉన్న అడ్డ పైపు మాత్రం ఎవరిది వాళ్లది. ఇంకో ముఖ్యమైన సంగతి, రెరా చట్టం 2016 కిందకి వచ్చే ప్రాజెక్టు అయితే, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో చెయ్యాలి. సెక్షన్ 14. ఐదేళ్లు దాటాక గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.

సరే, ఇళ్లవాళ్ల సంగతి ఇది. ఇప్పుడు అసలు పెద్దన్న దగ్గరికి వస్తా. మున్సిపాలిటీ.

మీ ఆస్తి పన్ను ఏ ఏ పన్నులు కలిపితే అయిందో ఎప్పుడన్నా అడిగారా? 1965 మున్సిపాలిటీల చట్టం చూడండి. జనరల్ పన్ను, నీటి పన్నూ డ్రెయినేజీ పన్నూ, లైటింగ్ పన్ను, స్కావెంజింగ్ పన్ను అని విడివిడిగా రాసి ఉంది. డ్రెయినేజీకని తీసుకుంటున్నారు. తీసుకుని, వీధి కాలవ దగ్గర గీత గీసి "ఇవతలది మీది, అవతలది మాది" అంటారు. ఇంటి పైపు ఇంటివాడిదే అన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఒక ఇంటిది ఒక ఇంటిదే. కానీ రెండో ఇల్లు కలిసిన చోటు నుంచి అది ఇంటి పైపు ఎట్టా అయిద్ది? మూడిళ్ల మురుగు పోయేది చిన్న సైజు వీధి కాలవే గదా, కాకపోతే నేల కింద ఉంది.

ఇంగ్లండ్‌లో సరిగ్గా ఈ తగువే ఉండేది. మా ఊరి కుర్రాడు అక్కడ ఇల్లు కొనుక్కున్నాడు, అతను చెప్తే తెలిసింది, తర్వాత నేనూ చదివా. అక్కడా పక్కపక్క ఇళ్లకి ఒకే మురుగు పైపు, పగిలితే ఇళ్లవాళ్లు పంచుకోవాలి, పంచుకోలేక కొట్టుకునేవాళ్లు. చివరికి ప్రభుత్వం 2011 అక్టోబరు 1 నుంచి ఆ ఉమ్మడి పైపులన్నీ నీటి, మురుగు కంపెనీలకి అప్పజెప్పింది. ఒక్క ఇల్లే వాడే పైపు తన స్థలం హద్దు దాకా ఇంటాయనది. రెండో ఇల్లు కలిసిన దగ్గర్నుంచి కంపెనీది, అది ఎవరి పెరట్లో ఉన్నా సరే. దానికి బిల్లులో కొంత పెరిగింది, కానీ పక్కింటాయన తలుపు కొట్టి డబ్బులు అడిగే బాధ తప్పింది. మనవాళ్లు ఇంగ్లండ్ నుంచి 1882 చట్టం తెచ్చుకున్నారు, 2011 సంగతి మాత్రం ఎవరికీ తెలియలా.

"మా దగ్గర నిధులు లేవు" అంటారు. ఈ మాటకి సమాధానం 1980లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం మున్సిపాలిటీ ఇదే చెప్పింది, కాలవలు కట్టడానికి డబ్బులు లేవని. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. జనం కంపులో బతుకుతుంటే డబ్బు లేదన్న సాకు చెల్లదని తీర్పు. ఆ తీర్పుకి ఇప్పటికి 40 ఏళ్లు దాటింది. ప్రతి వార్డు మీటింగులో ఈ పేరు ఎత్తండి, రత్లాం కేసు అనండి.

ఇవన్నీ డబ్బుల తగువులు అనుకుంటే పొరపాటు. 2018 మార్చిలో గుంటూరు గుర్తుందా? తాగే నీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం వచ్చి పదిమందికి పైగా పోయారు. నేలలో మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే ఉంటాయి మన సందుల్లో. మురుగుది చీలి, మంచినీళ్లది కూడా ఎక్కడో చిల్లు పడి ఉంటే, కుళాయి కట్టేసిన గంటల్లో అది బయట ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మా బాబాయి వంటింటి గోడకి రెండడుగుల్లో కుళాయి గొట్టం ఉంది. పిన్నికి 68 ఏళ్లు. నేను 'తర్వాత చూద్దాం' అన్న 40 రోజులూ ఆవిడ ఆ కుళాయి నీళ్లే బిందెతో పట్టింది. ఏమీ కాలేదు. కాకపోవటంలో నా గొప్ప ఏం లేదు.

ఇంకొకటి చెప్పకుండా పోలేను. తగువు తెగక ట్యాంకు నిండిపోయిద్ది. లారీ పిలిస్తే డబ్బులు ఎవరివి అని మళ్లీ తగువు. అప్పుడు ఎవరో ఒకరు, "ఎవణ్ణో ఒకణ్ణి దింపుదాంలే, ఐదొందలు ఇస్తే దిగుతాడు" అంటారు. ఈ మాట మా ఇంట్లోనే అన్నారు, ఎవరన్నారో రాయను. సెప్టిక్ ట్యాంకులో ఉండే గాలి మనిషిని కేక పెట్టనివ్వదు. ఒకడు పడిపోతే తియ్యబోయిన రెండోవాడూ పోతాడు. పేపర్లో జంటగానే వస్తాయి ఆ వార్తలు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపటం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మున్సిపాలిటీకే కాదు, ఇంటాయనకి కూడా. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు జీవితమంతా దీని మీదే కొట్లాడుతున్నారు. మన వాటా మూడు వేలు మిగుల్చుకోవటానికి దింపేది ఎవరి కొడుకునో ఒక్కసారి మొహం చూసి దింపండి చూద్దాం.

రైతు పేజీలో ఇదంతా ఎందుకంటారేమో. మీ ట్యాంకు పొర్లు నీళ్లు వీధి కాలవలోకి, ఊరి కాలవలోకి, అక్కడి నుంచి డ్రెయిన్‌లోకి పోతాయి. తుంగభద్ర డ్రెయిన్, భట్టిప్రోలు డ్రెయిన్, రేపల్లె డ్రెయిన్, ఏదో ఒకటి. (కొత్తవాళ్లకి: ఈ తుంగభద్ర మన డెల్టా మురుగు కాలవ, కర్నూలు వైపు నది కాదు.) కింద చివరి భూముల్లో కాలవ నీళ్లు అందని రైతు ఆ డ్రెయిన్‌కే ఇంజను పెట్టి తోడుకుంటాడు. ఆనకట్ట 1855కి పూర్తయి సాగునీళ్లు వచ్చాయి గానీ, ఆ నీళ్లు బయటికి పోయే దారి గురించి గట్టిగా ఆలోచించటానికి వందేళ్లు పట్టింది. ముంపుల మీద ముంపులు వచ్చాక 1960ల్లో మిత్రా కమిటీ వేశారు. 1968లో డెల్టా రైతు మీద డ్రెయినేజీ సెస్సుకి చట్టం తెచ్చారు. ఎందుకు తెచ్చారు? మురుగు ఎవరి చేలోది అయితే వాళ్లు ఖర్చు పెట్టుకోవాలి అని. అప్పుడు రైతుకి చెప్పిన ఆ న్యాయం పైన ఉన్న పట్టణాలకి ఇవాళ ఎవరూ చెప్పరే? తెనాలి పై ఇల్లు, రేపల్లె, నిజాంపట్నం కింద ఇళ్లు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్కు, మురుగు కలిసి డ్రెయిన్ కింద ఊరి దగ్గర పూడితే "పూడింది మీ దగ్గర గదా" అంటాం. నేను బాబాయితో అన్న మాటే అది.

ఇక పనికొచ్చే ముక్కలు. పైపు ఎక్కడ పగిలిందో చూడండి. ఆ చోటుకి పైన ఎవరెవరి దొడ్లు కలుస్తున్నాయో లెక్కెయ్యండి. వాళ్లే పెట్టుకోవాలి, ఆ చోటుకి కింద కలిసేవాళ్లకి సంబంధం లేదు. ఇళ్ల లెక్కన కాకుండా దొడ్ల లెక్కన పంచండి, అద్దెకిచ్చినవాడు ఎక్కువ పెట్టుకుంటాడు. పీవీసీ పైపు వేసేటప్పుడు ప్రతి ఇల్లు కలిసే దగ్గర ఒక ఛాంబరు కట్టించండి, ఇంకోసారి వెనక్కి తన్నితే మూత తీస్తే తెలిసిపోయిద్ది ఎవరి మధ్యనో. కాయితం మీద రాసుకోండి. పొలం పంచినా ఇల్లు పంచినా బోదెలూ పైపులూ దస్తావేజులో రాయించండి, కొబ్బరి చెట్ల కంటే ముందు. ఒకాయన అసలు వినకపోతే కోర్టుకి పరిగెత్తకండి, మండల న్యాయసేవా కమిటీకి ఒక అర్జీ ఇస్తే లోక్ అదాలత్‌లో పెడతారు. ఫీజు ఉండదు, అక్కడ రాజీ రాసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం.

మా దాని లెక్క: పైపు, ఛాంబర్లు, కూలీ, గచ్చు కలిపి 15,000 అయింది. పగిలింది ముగ్గురం కలిశాక. దొడ్లు మొత్తం ఐదు. నావి మూడు, మధ్య వాటా ఆయనది ఒకటి, బాబాయిది ఒకటి. నా 9,000 మొన్న ఆదివారం బాబాయి చేతికిచ్చా. డబ్బులు లెక్కపెట్టుకుని, "గచ్చు వాటాలోంచి నన్ను తీసెయ్యాలి గదరా, 26వ సెక్షన్ అంటివి" అన్నాడు. నిజమే. గచ్చుకి అయిన 2,500లో ఆయన ఐదో వంతు 500. అది కూడా ఇచ్చా. మధ్య వాటా ఆయన ఈ పేజీ చదువుతాడని తెలుసు. అయ్యా, మీ మూడు వేలు ఇంకా రాలేదు. దస్తావేజు చివరి పేజీ ఫొటో మీకు వాట్సాప్‌లో పెట్టా, చూసుకోండి.